రైల్వే మీద ఆశ పోయింది, గల్ఫ్‌కి డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా పొదిలి దగ్గర పల్లె. 2019 ఫిబ్రవరిలో రైల్వే గ్రూప్-డి నోటిఫికేషన్ వస్తే ఒంగోలులో రూమ్ తీసుకుని చదివాను, లక్షకు పైగా పోస్టులన్నారు, తీరా పరీక్ష పెట్టింది 2022 ఆగస్టులో. మూడున్నరేళ్లు! ఆ హాల్ టికెట్ అమ్మ ఇంకా పప్పుల డబ్బా కింద రేషన్ కార్డుతో పాటు దాచి ఉంచింది. ఢిల్లీలో ఎవరు కూర్చున్నా ఎన్నికలప్పుడు ఉద్యోగాలంటారు, తర్వాత మన వయసు అయిపోతున్న సంగతి ఎవరికీ పట్టదు, నిజంగా కడుపు మండిపోతోంది.

ఇప్పుడు ఒక ఏజెంటు ఖతార్‌లో స్టోర్ కీపర్ పని ఉందని 1,80,000 అడుగుతున్నాడు. రిజిస్టరైన ఏజెంటు 30,000, దానిపైన జీఎస్‌టీ, అంతకు మించి తీసుకోకూడదని చదివాను. రసీదు అడిగితే అక్కడికి వెళ్లాక చూద్దాం అంటున్నాడు. నాన్న రెండు బర్రెలు అమ్మి ఇస్తానన్నాడు, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

విదేశాలకు పనికి వెళ్లేవాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-మైగ్రేట్ సైట్‌లో ఏజెంటు లైసెన్స్ ఎలా చూడాలి? విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తామంటే నమ్మొచ్చా? నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వెళ్లినవాళ్లు ఉంటే కాస్త చెప్పండన్నా, సోమవారం లోపు అడ్వాన్స్ కట్టమంటున్నాడు.