సుమేరియన్ల పాఠానికి మట్టి పని కావాలా, పుస్తకం చాలా?

సోషల్ టీచర్ (7వ తరగతి)
మా స్కూల్లో మెసపొటేమియా (సుమేరియన్లు ఉన్న ఇప్పటి ఇరాక్ ప్రాంతం) పాఠానికి ఏటా ఒకటే ప్రాజెక్టు, జిగ్గురాట్ మోడల్, అంటే మెట్లమెట్లుగా కట్టిన పెద్ద గుడి దిబ్బ. ఈసారి 38 వచ్చాయి. కొన్ని ఫ్యాన్సీ షాపులో కొన్నవి. మిగతావాటిలో చాలావరకు అమ్మానాన్నలు రాత్రి పదకొండింటిదాకా కూర్చుని థర్మకోల్ కోసి అతికించినవి. "ఈ మెట్ల మీద పైన ఏముండేది?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. స్టాఫ్ రూంలో నేను ఈ ప్రాజెక్టులు మొత్తం తీసేద్దామన్నాను. ఇద్దరు టీచర్లు గట్టిగా వద్దన్నారు. చేత్తో చేస్తే చరిత్ర వస్తుందా, అట్టలు కత్తిరించడమే వస్తుందా? క్లాసులో చేయించినవాళ్లు చెప్పండి.

జూనియర్ లెక్చరర్, హిస్టరీ
తీసేయండి మేడమ్. ఆ మనుషులు వాళ్ల మాటల్లోనే మనతో మాట్లాడుతుంటే మధ్యలో థర్మకోల్ ఎందుకు? క్రీ.పూ. 1750 ప్రాంతంలో ఊర్ నగరంలో ఇయా-నాసిర్ అనే రాగి వ్యాపారికి నన్ని అనే ఆయన పంపిన ఫిర్యాదు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. మంచి రాగి ఇస్తానని చెప్పి పనికిరానిది నా మనిషి ముందు పెట్టావు, తీసుకుంటే తీసుకో లేకపోతే పో అన్నావు, నన్నేమనుకున్నావు అని నిలదీస్తాడు. అనువాదం పది నిమిషాల్లో చదివేయొచ్చు. చదివిన పిల్లవాడికి వ్యాపారం, అప్పు, మాట పట్టింపు, దూరప్రయాణం అన్నీ ఒక్కసారే తెలుస్తాయి. 40 నిమిషాల పీరియడ్‌లో మట్టి కలపడానికే 15 నిమిషాలు పోతాయి. పదకొండో తరగతికి వచ్చేసరికి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో రాత గురించి, నగర జీవితం గురించి ఒక అధ్యాయం మొత్తం ఉంటుంది. దానికి కావలసింది చదివే అలవాటు.

లెక్కల టీచర్
సార్, ఆ ఉత్తరం రాసింది మట్టి మీదే కదా. మా ఆరో తరగతిలో జరిగింది చెప్తాను.

వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలిపోయింది. ఒక్కొక్కరికి అరచేతిలో పట్టేంత ముద్ద ఇచ్చాను. ఐస్‌క్రీం పుల్లని అడ్డంగా కోస్తే పదునైన మూల వస్తుంది. ఆ మూలని మట్టిలో నొక్కి తీయాలి, గీయకూడదు. గీస్తే మట్టి లేచి గీత పక్కన కట్టలా నిలబడుతుంది. మొదట అందరూ గీసి పాడుచేసుకున్నారు. వాళ్ల రాతలో తొలినాళ్ల బొమ్మల గుర్తులు పోయి మేకుల్లాంటి గుర్తులు ఎందుకొచ్చాయో అప్పుడు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

తర్వాత అంకెలు. నిలువు మేకు అంటే 1, వంకర మొన గుర్తు అంటే 10. ఈ రెండే. అరవైకి చేరితే ఎడమవైపు కొత్త స్థానం మొదలవుతుంది. 75 రాయమన్నాను: ఒక మేకు, కొంచెం ఖాళీ, ఒక మొన గుర్తు, ఐదు మేకులు. అంటే ఒక అరవై, పదిహేను. వెంటనే 61 రాయమన్నాను. ఒక అమ్మాయి రెండు మేకులు దగ్గరగా నొక్కేసింది. పక్కనున్న అబ్బాయి అది చూసి "ఇది 2 కదా!" అన్నాడు. ఇద్దరూ వాదించుకున్నారు. ఖాళీ ఎంత ఉంటే 61, ఎంత లేకపోతే 2? పాత బాబిలోనియన్ లేఖకులకీ ఇదే ఇబ్బంది, అప్పటికి సున్నా గుర్తు లేదు. 1, 60, 3600 మూడింటికీ ఒకటే మేకు. సందర్భాన్ని బట్టి చదువుకోవాల్సిందే. సున్నా ఎందుకు కావాల్సి వచ్చిందో నేను పదేళ్లుగా బోర్డు మీద చెప్తున్నాను. ఆ రోజు అర్థమైనంతగా ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇంకొకటి కూడా చేశాం. యేల్ విశ్వవిద్యాలయంలో ఉన్న ఒక చిన్న గుండ్రటి పలక మీద చతురస్రం, దాని కర్ణాలు ఉంటాయి. భుజం పక్కన 30 అనీ, కర్ణం దగ్గరున్న అంకెల్లో కింది వరుసలో 42, 25, 35 అనీ ఉంటుంది. దాదాపు 3,700 ఏళ్ల నాటిది. బహుశా ఎవరో విద్యార్థిదే. మా పిల్లలు చార్టు మీద 30 సెంటీమీటర్ల చతురస్రం గీసి కర్ణం కొలిచారు. స్కేలు మీద 42.4 వచ్చింది. పలక మీది అంకెల్ని లెక్కకట్టాం: 42, దానికి 25ని 60తో, 35ని 3600తో భాగించి కలిపితే 42.426. క్లాసంతా కాసేపు నిశ్శబ్దం.

ఇద్దరు పిల్లల తల్లి
మా ఇంట్లో జిగ్గురాట్ చేసింది నేనే. మా బాబు నిద్రపోయాడు. దయచేసి ఏదైనా క్లాసులోనే చేయించండి, ఇంటికి పంపకండి.

జూనియర్ లెక్చరర్, హిస్టరీ
లెక్కల మేడమ్ చెప్పింది బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అందరూ అలా చేయించరండీ. ఎక్కువమంది చేసేది ఇంటర్నెట్‌లో దొరికే 'క్యూనిఫాం (ఆ మేకుల రాత) ఏబీసీడీ' చార్టు చూసి పేరు రాయించడం. అది పచ్చి అబద్ధం. అక్కడి పాత భాషలు సుమేరియన్, అక్కాడియన్‌ల రాతలో అక్షరమాలే లేదు. కొన్ని గుర్తులు మాటలకి, కొన్ని ధ్వనులకి. పిల్లలకి తప్పు నేర్పేకంటే ఏమీ నేర్పకపోవడం నయం.

భాషల మీద ఆసక్తి
సార్, తప్పు చార్టుది, పేరు రాయించడానిది కాదు. ఆ ధ్వని గుర్తులు క, కి, కు అని గుణింతంలా నడుస్తాయి. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో విడగొట్టేవాళ్లకంటే మన పిల్లలకే ఇది తేలిక. సునీత అంటే సు-నీ-త, రాము అంటే రా-ము. మన ఖ, భ లాంటి ఒత్తక్షరాలకి అక్కడ విడిగా గుర్తులుండవు, భరత్ అనే పిల్లవాడు 'బ'తో సర్దుకోవాలి. అదీ పాఠమే. రాము పేరులోని 'ము' గుర్తునే సుమేరియన్‌లో ఒక మాటగా చదివితే 'పేరు' అనీ, 'సంవత్సరం' అనీ అర్థాలు. ఒకే గుర్తు ఒకచోట ధ్వని, ఇంకోచోట మాట. ఏబీసీడీ చార్టు ఈ సంగతినే దాచేస్తుంది.

ఇరాక్‌లో పనిచేసి వచ్చాను
నాసిరియా దగ్గర క్యాంపులో ఉన్నప్పుడు ఒక శుక్రవారం ఊర్ జిగ్గురాట్ చూశాను. ముందు గోడ, మెట్లు 1980ల్లో బాగుచేసినవే. కానీ పాత ఇటుకలున్న చోట మధ్యలో నల్లగా తారు ఇప్పటికీ కనిపిస్తుంది. లోపల పచ్చి ఇటుక, బయట కాల్చిన ఇటుకకి తారు. కట్టడం మొదలుపెట్టింది ఉర్-నమ్ము రాజు, క్రీ.పూ. 2100 ప్రాంతంలో. అడుగుభాగం సుమారు 64 మీటర్లకి 45. టీచరమ్మ అడిగారు కదా, పైన చంద్రదేవుడు నన్నా గుడి ఉండేది. మోడల్ చేయించాలంటే థర్మకోల్ వద్దండీ. రెండు మట్టి ఇటుకలు చేయించి ఒకటి కాల్పించండి, రెండింటినీ బకెట్ నీళ్లలో వేయండి. బయట ఖరీదైన ఇటుక ఎందుకు వాడారో పిల్లలకే తెలుస్తుంది. ఇంకో మాట, అది ఇరాక్ అని కూడా చెప్పండి. ఆ ఊరిని టీవీలో యుద్ధంతోనే చూశారు మన పిల్లలు.

లైబ్రేరియన్
ఊర్ రాజసమాధుల్లో దొరికిన ఆట గురించి ఎవరూ అనలేదేం? 20 గడులు, ఒక్కొక్కరికి 7 కాయలు. క్రీ.పూ. 177లో ఒక బాబిలోనియన్ లేఖకుడు రాసిన పలకని చదివి బ్రిటిష్ మ్యూజియం నిపుణుడు ఇర్వింగ్ ఫింకెల్ ఆట నియమాలు వెలికితీశారు. పాచికల బదులు అష్టాచమ్మా గవ్వలు నాలుగు చాలు. పలక సమాధులకంటే రెండువేల ఏళ్లకి పైగా తర్వాతిది కాబట్టి మనం ఆడే పద్ధతి ఒక ఊహే అని పిల్లలకి ముందే చెప్పాలి.

సోషల్ టీచర్ (7వ తరగతి)
అందరికీ థాంక్సండీ. ప్రాజెక్టులు తీసేద్దామన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, తీసేయాల్సింది థర్మకోల్‌నే. వాళ్ల చేతులు చేసిన పనే మన పిల్లల చేతులూ చేయాలి, ఆకారం ఒక్కటే వస్తే లాభం లేదు. మొన్న గురువారం రెండు పీరియడ్లు కలిపి తీసుకుని దొర్లించే ముద్రలు చేయించాను. చాక్‌పీసు మీద గుండుసూదితో బొమ్మ చెక్కి తడి మట్టి మీద దొర్లించడం. పేరు చెక్కినవాళ్లకి తిరగబడి పడింది. ఇంకో చాక్‌పీసు తీసుకుని మళ్లీ చెక్కారు.

ఒక టిఫిన్ బాక్స్‌కి పురికొస కట్టి, ముడి మీద మట్టి ముద్ద పెట్టి, దాని మీద ముద్ర దొర్లించాం. వాళ్ల గిడ్డంగుల తలుపులకి ఇలాగే వేసేవారని చెప్పి ఇంటర్వెల్‌కి వదిలేశాను. తిరిగొచ్చేసరికి మట్టి పగిలి ఉంది. ఎవరో విప్పి, మళ్లీ అతికించి, తన ముద్ర దొర్లించారు. బొమ్మ వేరేది కాబట్టి దొరికిపోయారు.

లూవ్ర్ మ్యూజియంలో ఉన్న షు-ఇలిషు ముద్ర ఫొటో కూడా చూపించాను. అతను మెలుహ్హా భాషకి దుబాసీ అని దాని మీద రాసి ఉంది. మెలుహ్హా అంటే మన సింధు నాగరికత ప్రాంతమేనని ఎక్కువమంది పండితుల మాట. వెనక బెంచీ అమ్మాయి లేచి, "అంటే మన వైపు వాళ్లు అక్కడికెళ్లి బేరాలు ఆడేవాళ్లా టీచర్?" అంది. సార్, మీరు చెప్పిన రాగి ఉత్తరం సోమవారం చదివిస్తున్నాను. తెలుగులో చేసిన కాపీ మీ దగ్గరుంటే పెట్టగలరా?

జూనియర్ లెక్చరర్, హిస్టరీ
నేనే చేసి ఆదివారంలోపు పెడతాను మేడమ్. చదివాక పిల్లలతో ఇయా-నాసిర్ తరఫున జవాబు రాయించండి, అరచేతి పలక మీద పట్టేంత.