అలర్జీలకూ, తగ్గని మూత్రాశయ నొప్పికీ సంబంధం ఉందా?

కొబ్బరితోట (ప్రశ్న):

మా చెల్లికి 36 ఏళ్లు. ఎనిమిది నెలలుగా పొత్తికడుపులో నొప్పి. మూత్రాశయం నిండేకొద్దీ పెరుగుతుంది, వెళ్లొస్తే కాసేపు నెమ్మదిస్తుంది. పగలు 14, 15 సార్లు, రాత్రి మూడుసార్లు లేవాల్సి వస్తోంది. నాలుగుసార్లు యూరిన్ కల్చర్ చేయిస్తే నాలుగుసార్లూ ఏ క్రిమీ పెరగలేదు. అయినా ప్రతిసారీ యాంటీబయోటిక్ రాశారు. ఇప్పుడు చూస్తున్న డాక్టరుగారు ఇంటర్‌స్టిషియల్ సిస్టైటిస్ (ఏ క్రిమీ లేకుండానే మూత్రాశయం దీర్ఘకాలం నొప్పి పెట్టే జబ్బు) కావచ్చంటున్నారు. చెల్లికి చిన్నప్పటి నుంచీ తుమ్ములు, ముక్కు కారడం, అప్పుడప్పుడు దద్దుర్లు ఉన్నాయి. అలర్జీ ముదిరిన వారాల్లోనే ఈ నొప్పీ ముదురుతోంది. ఈ రెంటికీ లింకు నిజంగా ఉందా? రక్తంలో ఫుడ్ అలర్జీ ప్యానెల్ చేయిస్తే తేలుతుందా? అలర్జీ బిళ్ళ వేసుకుంటే మూత్రాశయం నొప్పి తగ్గుతుందా?

ఓపీ_గది:

లింకు ఉందనే అనాలి. ఈ జబ్బున్నవాళ్లలో అలర్జీలు, ఐబీఎస్ (పేగుల్లో పుండు లేకుండానే కడుపునొప్పి, విరేచనాల తేడా), ఫైబ్రోమయాల్జియా (ఒళ్లంతా తగ్గని కండరాల నొప్పి) మామూలు జనంలో కంటే ఎక్కువగా కనిపిస్తాయి. అంతమాత్రాన అలర్జీయే ఈ నొప్పిని తెచ్చిందని కాదు. రెంటికీ మధ్య అనుమానం పడేది మాస్ట్ కణాల మీద. ముక్కులోపలి పొరలో, చర్మంలో ఉండే ఈ కణాలే మూత్రాశయం గోడలోనూ ఉంటాయి. రెచ్చిపోతే హిస్టమిన్, ట్రిప్టేజ్, ల్యూకోట్రైన్ల వంటి రసాయనాలను వదులుతాయి. అవి పక్కనున్న నొప్పి నరాలను తాకుతాయి. ఆ నరాలు సబ్‌స్టెన్స్-పి అనే రసాయనాన్ని వదిలితే మాస్ట్ కణం మళ్లీ రెచ్చిపోతుంది. గోడ లోపలి రక్షణ పొర దెబ్బతిని ఉంటే మూత్రంలోని పొటాషియం కిందికి ఇంకి ఈ చక్రాన్ని ఇంకాస్త తిప్పుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మాస్ట్ కణాన్ని రెచ్చగొట్టడానికి ఐజీఈ అనే యాంటీబాడీ వల్ల వచ్చే అలర్జీ ఒక్కటే దారి కాదు. నరాల నుంచి వచ్చే రసాయనాలు, మానసిక ఒత్తిడి, హార్మోన్లు కూడా ఆ పని చేస్తాయి. నెలసరికి ముందు కొందరికి నొప్పి ఎందుకు పెరుగుతుందో చెప్పేటప్పుడు మాస్ట్ కణాల మీద ఈస్ట్రోజెన్ ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటారు. అందుకే అలర్జీ పరీక్ష నెగెటివ్ వచ్చినా మాస్ట్ కణాల పాత్ర లేదనలేం, పాజిటివ్ వచ్చినా మూత్రాశయం నొప్పికి అదే కారణమనలేం. పుప్పొడికి స్కిన్ ప్రిక్ టెస్ట్ (చర్మం మీద చుక్క వేసి సూదితో గుచ్చి చూసే పరీక్ష) చేయిస్తే ముక్కు వైద్యానికి పనికొస్తుంది. తెలంగాణలో వయ్యారిభామ, సర్కారు తుమ్మ పుప్పొడితో బాధపడేవాళ్లు చాలామంది. ఆ పరీక్షకు ముందు కనీసం 5 నుంచి 7 రోజులు అలర్జీ బిళ్ళలు ఆపాలి, లేకపోతే చర్మం మీద ఏమీ లేవదు. ఫుడ్ ప్యానెల్ పేరుతో అమ్మే, ఐజీజీ అనే మరో యాంటీబాడీని కొలిచే పరీక్షకు మాత్రం డబ్బు పెట్టకండి. ఐజీజీ ఉంటే ఆ పదార్థం తిన్నారని అర్థం, అలర్జీ ఉందని కాదు.

వీటన్నిటికంటే ముందు నాకు కంగారు పుట్టించేది ఆ నాలుగు కల్చర్లు. రొటీన్ పరీక్షలో చీము కణాలు ఉండి కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, మన దేశంలో మూత్రాశయ క్షయను కొట్టిపారేయకుండా ఆ నొప్పికి వేరే పేరు పెట్టకూడదు. వరుసగా మూడు రోజులు, పొద్దున లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని సీబీనాట్‌కూ (క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్ష), టీబీ కల్చర్‌కూ పంపాలి. కల్చర్ ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు. ఇప్పటిదాకా వాడిన యాంటీబయోటిక్కుల్లో లీవోఫ్లాక్సాసిన్, ఓఫ్లాక్సాసిన్ ఉన్నాయేమో పాత చీటీలు తీసి చూడండి. అవి క్షయ క్రిమిని సగం అణచిపెడతాయి, జబ్బు దొరకడం ఆలస్యమవుతుంది.

మూత్రంలో రక్తం కనిపించినా, పొగతాగే అలవాటున్నా సిస్టోస్కోపీ (మూత్రాశయంలోకి సన్న కెమెరా పంపి చూడటం) వాయిదా వేయకూడదు. కెమెరాతో చూసినప్పుడు హన్నర్ మచ్చలు బయటపడితే దారే మారిపోతుంది. గై హన్నర్ 1915లో వర్ణించిన ఎర్రటి పుండ్లవి. వాటిని కరెంటుతో మాడ్చడం, లేదా వాటిలోకి ట్రయామ్‌సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇవ్వడం వైద్యం. అలర్జీ బిళ్ళతో నెలలు గడపాల్సిన కేసు కాదది. రక్తంలో ఇసినోఫిల్స్ (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లకణాలు) బాగా పెరిగి ఉంటే ఇసినోఫిలిక్ సిస్టైటిస్ అనే అరుదైన జబ్బును కూడా బయాప్సీతో చూస్తారు. అలర్జీకి నేరుగా ముడిపడిన మూత్రాశయ జబ్బుగా ఎక్కువగా చెప్పుకునేది దాన్నే.

మందులచీటీ:

మూడో ప్రశ్నకు నేను చెబుతాను. ఈ నొప్పికి ఎక్కువగా వాడిన అలర్జీ మందు హైడ్రాక్సిజిన్. అమెరికాలో 2003లో ప్రచురితమైన 121 మంది పరీక్షలో దాన్ని వాడినవాళ్లలో 31 శాతానికి, వాడనివాళ్లలో 20 శాతానికి గుణం కనిపించింది. ఆ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి సంఖ్య చాలలేదు. అయినా అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ దాన్ని ప్రయత్నించదగ్గ మందుల్లోనే ఉంచింది. మీ చెల్లెలిలా తుమ్ములు, దద్దుర్లు కూడా ఉన్నవాళ్లకు ప్రయత్నించడం సబబే.

మామూలుగా రాత్రి 10 మి.గ్రా.తో మొదలుపెట్టి, పొద్దున మత్తు లేకపోతే ఒక వారం తర్వాత రాత్రికి 25 మి.గ్రా.కు పెంచుతారు. ఆ పైన డాక్టరు ఇష్టం. పడుకునే ముందు కాకుండా గంటన్నర ముందే వేసుకుంటే తెల్లారి మగత తక్కువ. మొదటి వారం పొద్దున్నే స్కూటీ నడపవద్దని చెప్పండి. గర్భం తొలినెలల్లో వాడకూడదు. ఈసీజీలో క్యూటీ (గుండె ఒక్కో కొట్టుకు మళ్లీ సిద్ధమయ్యేందుకు పట్టే సమయం) పెరిగినవాళ్లకు ప్రమాదం. అజిత్రోమైసిన్, ఆన్డాన్‌సెట్రాన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి నడుస్తుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇంకో సంగతి: శరీరంలో హైడ్రాక్సిజిన్ సెటిరిజిన్‌గా మారుతుంది. ఇప్పటికే రోజూ సెటిరిజిన్‌గానీ లీవోసెటిరిజిన్‌గానీ వేసుకుంటూ దీన్నీ కలిపితే ఒకే మందు రెండింతలు పడినట్టే. మన దగ్గర తుమ్ములకు ఎక్కువగా ఇచ్చేది మాంటెలుకాస్ట్, లీవోసెటిరిజిన్ కలిపిన బిళ్ళ కాబట్టి అట్ట మీద పేర్లు చదవండి. మాంటెలుకాస్ట్‌ను కూడా ఈ నొప్పికి చూశారు. కానీ అది పదిమంది మహిళల మీద, పోల్చడానికి ఉత్తుత్తి మాత్ర లేకుండా చేసిన చిన్న ప్రయత్నం. పైగా దాంతో నిద్రలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక పెట్టించింది. మనసు బాగోలేదంటే ఆపి డాక్టరుకు చెప్పాల్సిందే.

అలర్జీ ముదిరిన వారాల్లోనే నొప్పి పెరుగుతోందన్నారు కదా, ఆ వారాల్లో ఏ జలుబు బిళ్ళ వేసుకుంటున్నారో చూశారా? షాపుల్లో దొరికే చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు ఫినైల్ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ ఉంటాయి. మొదటిది మూత్రాశయం మెడను బిగిస్తుంది, రెండోది కండరాన్ని మందగింపజేస్తుంది. మూత్రం పూర్తిగా బయటికి రాక లోపల మిగులుతుంది, నొప్పి పెరుగుతుంది. నింద మాత్రం పుప్పొడి మీద పడుతుంది. అలాంటి బిళ్ళ బదులు ముక్కులో ఉప్పునీటి స్ప్రే, స్టెరాయిడ్ స్ప్రే, ఫెక్సోఫెనడిన్ అనే అలర్జీ బిళ్ళ వాడి చూస్తే అసలు దోషి ఎవరో చాలావరకు తేలుతుంది. ఈ నొప్పికే ఇచ్చే అమిట్రిప్టిలిన్ కూడా రాస్తే మలబద్ధకం, మూత్రం మిగలడం రెండూ పెరగొచ్చు. వెళ్లొచ్చాక ఎంత మిగిలిందో స్కాన్‌లో కొలిపించండి.

ఈ జబ్బుకు వాడే పెంటోసాన్ అనే మందు రాస్తే మొదలుపెట్టేముందే కంటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. ఏళ్లతరబడి వాడినవాళ్లలో రెటీనా దెబ్బతిన్నట్టు 2018లో బయటపడింది.

కొబ్బరితోట:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పాత చీటీల్లో రెండుసార్లు లీవోఫ్లాక్సాసిన్ ఉంది. జలుబు బిళ్ళలో మీరు చెప్పిన రెండూ ఉన్నాయి. తిండి సంగతి కూడా చెప్పండి. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికల్లో మన వంట ఒక్కటీ లేదు.

పథ్యం_వంటిల్లు:

ముందు ఒక తేడా తెలుసుకోండి. తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో పెదవులు వాయడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం నిజమైన ఆహార అలర్జీ. అలాంటి పదార్థాన్ని ఇంట్లో మళ్లీ పరీక్షించకూడదు, అలర్జీ డాక్టరు దగ్గరే తేల్చుకోవాలి. నిమ్మరసం తాగాక పొత్తికడుపు మండటం వేరు, అది సున్నితత్వం.

ఈ నొప్పిని పెంచేవాటిలో ముందుండేవి కాఫీ, టీ, నిమ్మజాతి పండ్లు, టమాటా, కారం, మద్యం, గ్యాస్ కలిపిన కూల్‌డ్రింకులు, కృత్రిమ తీపి, విటమిన్-సి బిళ్ళలు. యూరిన్ మంటకు మంచిదని క్రాన్‌బెర్రీ రసం తాగించేవాళ్లున్నారు. ఈ జబ్బులో అది తరచూ నొప్పిని పెంచుతుంది. మన వంటలో అదే లెక్కన పక్కన పెట్టాల్సినవి చింతపండు, గోంగూర, ఆవకాయ, పులిసిన పెరుగు.

మూడు వారాలు వీటన్నిటినీ ఆపండి. టమాటా, చింతపండు లేని పెసరపప్పు, బీరకాయ, సొరకాయ, పొట్లకాయ కూరలు, ఆలుగడ్డ, గుడ్డు, తాజా పెరుగుతో చేసిన పలుచటి మజ్జిగ, పులవని పిండితో ఇడ్లీ సరిపోతాయి. రుచికి జీలకర్ర, ధనియాలు, కొత్తిమీర వేసుకోండి. చప్పగా ఉందని మొదటి వారంలోనే మానేసేవాళ్లే ఎక్కువ, కాబట్టి ఇంట్లో అందరికీ అదే పప్పు చేసి, మిగతావాళ్లకు పచ్చడి పక్కన వడ్డించండి.

తర్వాత ఒక్కొక్కటే వెనక్కి తేవాలి. ఒక్కో పదార్థానికి మూడు రోజులు. చింతపండైతే: మొదటిరోజు రెండు చెంచాల చారు, రెండోరోజు అరకప్పు, మూడోరోజు మామూలుగా తినేంత. నెలసరి వారంలోగానీ, జలుబున్నప్పుడుగానీ ఇది మొదలుపెట్టొద్దు, ఏది దేనివల్లో తెలియదు. నొప్పి పెంచనివాటిని తిరిగి తిననివ్వండి. జీవితమంతా ఇరవై పదార్థాలు మానేసిన మనిషి సన్నబడిపోవడం తప్ప లాభం లేదు. నీళ్లు మాత్రం తగ్గించకండి. మూత్రం చిక్కబడితే మంట పెరుగుతుంది. కిడ్నీ, గుండె జబ్బులు లేకపోతే రోజంతా కొద్దికొద్దిగా లీటరున్నర నుంచి రెండు లీటర్లు చాలు.

ఓపీ_గది:

మందైనా, పథ్యమైనా మొదలుపెట్టేముందు మూడు రోజుల డైరీ రాయండి, తర్వాత నాలుగో వారం, ఎనిమిదో వారం మళ్లీ. 500 మి.లీ. కొలత జగ్గు బాత్రూంలో పెట్టండి. ప్రతిసారీ టైము, ఎన్ని మి.లీ. వచ్చింది, వెళ్లేముందు నొప్పి సున్నా నుంచి పది వరకు ఎంత, వెళ్లొచ్చాక ఎంత. అదే పేజీలో ఆ రోజు తుమ్ములకు కూడా పదికి ఎంతో ఒక అంకె వేయండి. తుమ్ములు తగ్గి, మి.లీ., నొప్పి కదలకపోతే అలర్జీ మందు ముక్కుకే పనిచేసింది. ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు హైడ్రాక్సిజిన్ ఆపించమని డాక్టరును అడగొచ్చు. ఒక్కసారికి వచ్చే మూత్రం సగటున 90 నుంచి 150కి పెరిగితే కొనసాగించడానికి అర్థముంది.

కటి కండరాలకు మంచిదని కెగెల్ వ్యాయామాలు (మూత్రాన్ని ఆపే కండరాలను బిగించి వదలడం) ఎవరైనా నేర్పి ఉంటే ఆపించండి. ఈ నొప్పిలో ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉండొచ్చు, ఇంకా బిగించడం కాదు, వదులు చేయడం నేర్పే ఫిజియోథెరపిస్టు కావాలి. సీబీనాట్‌కు మూత్రం ఇచ్చేదాకా కొత్తగా ఏ యాంటీబయోటిక్కూ మొదలుపెట్టవద్దని డాక్టరుగారిని అడగండి. ఒకవేళ జ్వరం, నడుము పక్కన నొప్పి, రక్తం పడటం ఉంటే మాత్రం ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.