అరవై దాటాక సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తగునా?

మెట్టుగూడ క్వార్టర్స్:
అందరికీ నమస్కారం. నాకు 63 ఏళ్లు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేరి సూపర్‌వైజర్‌గా రిటైరయ్యాను. పుట్టి పెరిగింది మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో. తెలుగు, తమిళం, ఉర్దూ, ఆంగ్లో ఇండియన్ల ఇంగ్లీషు అన్నీ ఒకే కుళాయి దగ్గర వినిపించిన రోజులవి. వాటి గురించి నాలుగేళ్లుగా ఫోన్‌లో టైపు చేసుకుంటూ వచ్చాను. 210 పేజీలయింది.

ఒక ప్రచురణ సంస్థకి పంపి ఎనిమిది నెలలు ఎదురు చూశాను. జవాబు లేదు. ఇంకో సంస్థవాళ్లు ప్యాకేజీ చెప్పారు. లక్షా ఇరవై వేలు కడితే 500 కాపీలు, కవర్ డిజైన్, ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబర్), ఆవిష్కరణ సభ అన్నీ వాళ్లే చూసుకుంటారట. మా అబ్బాయి ఆ డబ్బు బ్యాంకులో వేసుకోమంటున్నాడు. మా ఆవిడ మాత్రం వేసెయ్యమంటోంది. ఈ వయసులో సొంత డబ్బు పెట్టి పుస్తకం వేసుకోవడం సరైన పనేనా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

కోఠి పుస్తకాల కౌంటర్:
వద్దండీ. ఇరవై రెండేళ్లుగా కోఠిలో ఒక పుస్తకాల షాపులో పనిచేస్తున్నాను. చూసిందే చెబుతున్నాను. నెలకి ఒకరిద్దరైనా రిటైరైన పెద్దవాళ్లు సంచిలో ఇరవై కాపీలు పెట్టుకుని వస్తారు. మేం నలభై శాతం కమిషన్ మీద తీసుకుంటాం, అమ్ముడుపోతేనే డబ్బు. ఆరు నెలలకి మళ్లీ వచ్చి ఎన్ని పోయాయని అడుగుతారు. "రెండు పోయాయి సార్" అని చెప్పడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. మిగతా కాపీలు మళ్లీ సంచిలో సర్దుకుని, మెట్లు దిగి వెళ్లిపోతారు.

ఇక ఆవిష్కరణ సభ. వచ్చినవాళ్లకి టిఫిన్ పెడతారు, పుస్తకం ఉచితంగా ఇస్తారు. డబ్బు పెట్టి కొనని పుస్తకాన్ని ఎవరూ తెరవరు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అలాంటిదొకటి దొరికింది నాకు. మొదటి పేజీలో "ఆత్మీయ మిత్రుడికి ప్రేమతో" అని సంతకం. ఇరవై రూపాయలకి కొన్నాను. వదిలేసి రాబుద్ధి కాలేదు. ఇప్పటికీ మా కౌంటర్ కింద అరలో ఉంది. రాసుకోండి సార్, ఇంట్లోవాళ్లకి చదివి వినిపించండి. లక్ష మాత్రం పెట్టకండి.

వనస్థలిపురం టీచర్:
కోఠి తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. కానీ నేను ఒప్పుకోను. మా దేవరకొండ వైపు పెళ్లిపాటలు మా అమ్మ దగ్గరా, మేనత్తల దగ్గరా విని రాసుకున్నవి ఉంటే, 61వ ఏట పుస్తకంగా వేశాను. 300 కాపీలు. నాలుగేళ్లలో అమ్మింది 170. పెట్టిన డబ్బు మొత్తం తిరిగి రాలేదు.

అయినా ఏం జరిగిందో వినండి. పుస్తకం వచ్చిన ఏడాదికి ఒకావిడ ఫోన్ చేసింది. ఎనభై ఏళ్లు ఉంటాయి. "అమ్మా, అప్పగింతల పాటలో మూడో చరణం తప్పు రాసినవు" అని ఫోన్‌లోనే పాడి వినిపించింది. మా అమ్మ మర్చిపోయిన చరణం అది. నేను పాటలన్నీ నోటుబుక్కులో దాచుకుని కూర్చుంటే ఆ చరణం నాకు చేరేదా? అచ్చులో ఉంది కాబట్టి ఆవిడ మనవరాలు చదివి వినిపించింది, ఆవిడ దిద్దింది. అమ్ముడైన కాపీల లెక్కలో ఇది ఎక్కడ రాయాలి తమ్ముడూ?

అమ్మకం సంగతీ చెబుతాను. షాపుల్లో పోయినవి పాతిక లోపే. మిగతావి నా పాత విద్యార్థులు కొన్నారు, కొన్ని డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియం బుక్ ఫెయిర్‌లో పోయాయి. తెలిసినవాళ్ల స్టాల్‌లో ఒక మూల అడిగి పెట్టుకున్నాను. పది రోజులూ నేనే నిలబడ్డాను. కాళ్లు వాచాయి. కానీ పుస్తకం చేతిలోకి తీసుకుని రెండు పాటలు నిలబడే చదివినవాళ్ల ముఖాలు చూశాను.

చిక్కడపల్లి ప్రూఫులు:
నేను పదిహేనేళ్లుగా డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం), ప్రూఫులు చూస్తున్నాను. మీ ఇద్దరూ వెయ్యాలా వద్దా అంటున్నారు. మెట్టుగూడ సార్, అంతకన్నా ముందు మిమ్మల్ని ఒకటి అడగాలి. మీ 210 పేజీలు మీ ఇంటి మనిషి కాని వాళ్లు ఎవరైనా చదివారా? ఇది బాగాలేదు, ఇక్కడ కొయ్యండి అని ఎవరైనా చెప్పారా? ప్యాకేజీలో కవర్ ఉంది, సభ ఉంది. ఎడిటింగ్ లేదు చూడండి. లేటు వయసులో వచ్చే పుస్తకాల్ని దెబ్బతీసేది వయసు కాదు, అదే. జీవితమంతా చెప్పాలనే తొందరలో బంధువుల పేర్లే మూడు పేజీలు నిండుతాయి. కుళాయి దగ్గర నాలుగు భాషలు అన్నారే, ఆ ఒక్క మాటకే నేను ఆగిపోయాను. అలాంటివి ఎక్కడో 140వ పేజీలో ఉండిపోతే పాఠకుడు అంతదాకా రాడు.

ఇక ప్యాకేజీ. ఐఎస్‌బీఎన్‌కి డబ్బు అక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. సొంతంగా వేసుకునే రచయిత కూడా ఆన్‌లైన్‌లో అప్లై చేసుకోవచ్చు. సంస్థ తన నంబర్ వేస్తే రికార్డుల్లో ప్రచురణకర్తగా ఆ సంస్థే ఉంటుంది. కాపీరైట్ ఎవరిది, పేజీల ఫైలు మీ చేతికిస్తారా, మిగిలిన కాపీలు ఎవరి దగ్గర ఉంటాయి, ఈ మూడూ కాగితం మీద రాయించుకోకుండా సంతకం పెట్టకండి.

ఇంకోటి, ఇది మా పనిలో రోజూ చూసే బాధ. మీరు ఫోన్‌లో టైపు చేసింది యూనికోడ్, అంటే ఫోన్లూ ఇంటర్నెట్టూ వాడే అక్షరాల పద్ధతి. చాలా ప్రెస్సుల్లో ఇంకా అను అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లోనే పేజీలు కడతారు. మార్చేటప్పుడు వత్తులు విరుగుతాయి, కొన్ని అక్షరాలు ఎగిరిపోతాయి. అందుకని మార్చాక వచ్చిన ప్రూఫే చదవాలి, మీ ఫోన్‌లోది కాదు. కాగితం లెక్క కూడా చూసుకోండి. 16 పేజీలు ఒక ఫారం. 208 పేజీలకి తెగితే 13 ఫారాలు. రెండు పేజీలు మిగిలాయంటే ఇంకో ఫారం పడుతుంది.

500 ఎందుకు? డిజిటల్ ప్రింటింగ్‌లో 50 కాపీలు కూడా వేస్తారు. కాపీకి ఖర్చు ఎక్కువే, కానీ అటక మీద పెట్టెలుండవు. అవి పోయాకే ఇంకో యాభై.

సొంతంగా వేసుకోవడం చిన్నతనం అనుకోకండి. తెలంగాణ రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు వేసి, తనే మోసుకుంటూ తిరిగి అమ్మారు. మీ మెట్టుగూడ ఆ సికింద్రాబాద్‌లోనే కదా.

కోఠి పుస్తకాల కౌంటర్:
వట్టికోట గారి కాలం వేరు. పుస్తకం కోసం జనం ఎదురుచూసిన కాలం. యాభై కాపీలంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు. నా భయమంతా ఆ 500 మీదే. టీచర్ గారూ, ఆ చరణం సంగతి చదివి కాసేపు ఊరుకుండిపోయాను. మా కౌంటర్ దగ్గర అలాంటివి మాకు తెలియవు.

అల్వాల్:
మా నాన్నగారు పోస్ట్‌మాస్టర్. మూడు నోటుబుక్కుల నిండా కథలు రాశారు. వేద్దాం నాన్నా అంటే "ఎందుకమ్మా, మీ పెళ్లి ఖర్చులున్నాయి" అనేవారు. ఆయన పోయాక బీరువా తీస్తే రెండు నోటుబుక్కులకి చెదలు పట్టాయి. ఒక కథలో మొదటి సగమే మిగిలింది. ఊరి నుంచి ఉత్తరం వస్తుంది, అక్కడితో ఆగిపోయింది. ఆ ఉత్తరంలో ఏముందో నాకు ఇక ఎప్పటికీ తెలియదు.

మెట్టుగూడ సార్, మీ అబ్బాయికి ఈ పోస్టు చూపించండి. బాగుందా లేదా అన్నది తర్వాత, ముందు మిగలాలి. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురించిన ప్రతి పుస్తకాన్నీ కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. మా నాన్న రాసింది అక్కడ ఒక అరలో ఉందంటే నాకు ఎంత ధైర్యంగా ఉండేదో.

చిక్కడపల్లి ప్రూఫులు:
అల్వాల్ మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ బాగుందా లేదా తర్వాత అన్నది నేను ఒప్పుకోలేను. మిగలడానికైతే ఇవాళే స్కాన్ తీసి నాలుగు చోట్ల దాచొచ్చు. ఆ మూడో నోటుబుక్కు కూడా ఈ వారమే స్కాన్ చేయించండి, దయచేసి. ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టి డబ్బు తీసుకుంటున్నామంటే మాత్రం అతని సమయానికి మనం బాధ్యులం.

వనస్థలిపురం టీచర్:
ఇద్దరిదీ నిజమే అనిపిస్తోంది, నేను ఎటూ తేల్చలేను. మెట్టుగూడ అన్నయ్యగారూ, మొదటి అధ్యాయాలు నాకు పంపండి. ముప్పై రెండేళ్లు కాంపోజిషన్ పుస్తకాలు దిద్దిన చెయ్యి, మొహమాటపడను. తర్వాత పుస్తకాలు పంపే పోస్టు ఖర్చుకీ బెంగ వద్దు. 2025 మే నుంచి పుస్తకాలకి తపాలా శాఖవాళ్ల జ్ఞాన్ పోస్ట్ అనే సర్వీసు వచ్చింది, 300 గ్రాముల లోపైతే 20 రూపాయలు, పన్ను అదనం. మీ పుస్తకం తయారయ్యాక పనికొస్తుంది.

మెట్టుగూడ క్వార్టర్స్:
ప్యాకేజీవాళ్లకి పొద్దున్నే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను. మా అబ్బాయి అల్వాల్ అమ్మాయి రాసింది చదివాడు. ఏమీ అనలేదు. సాయంత్రం వచ్చి మొదటి యాభై కాపీల ఖర్చు తను ఇస్తానన్నాడు. నా డబ్బుతోనే వేసుకుంటానని చెప్పాను.

మొదటి మూడు అధ్యాయాలు టీచర్ గారికి పంపుతున్నాను. కుళాయి సంగతి ఆరో అధ్యాయంలో ఉంది, దాన్ని ముందుకు తెచ్చే పనిలో ఉన్నాను. బంధువుల పేర్లు నిజంగానే మూడు పేజీలున్నాయి, తీసేశాను. మా చిన్నాన్న పేరు ఒక్కటి ఉంచుకున్నాను.

కోఠి బాబూ, నీ కౌంటర్ కింద ఉందన్న ఆ సంతకం పుస్తకం ఒకసారి చదవాలనుంది. ఇస్తావా?

కోఠి పుస్తకాల కౌంటర్:
తప్పకుండా సార్. సోమవారం పదకొండు తర్వాత రండి. తీసి పైన పెడతాను.