ఫ్లెక్సు షాపు ఉద్యోగం మానేసి గోడబొమ్మల పనిలోకి రావచ్చా?

బ్రాడీపేట రంగులు (ప్రశ్న)

నమస్కారం. నాది గుంటూరు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఎఫ్‌ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) చదివాను. మూడేళ్లుగా అరండల్‌పేటలో ఒక ఫ్లెక్సు షాపులో పనిచేస్తున్నాను. పెళ్లి, పుట్టినరోజు, వర్ధంతి బోర్డులు. రోజుకు ఇరవై ముఖాలు కంప్యూటర్‌లో కత్తిరించి అతికిస్తాను. చేత్తో ఒక్క గీత గీయకుండానే ఇంటికి వస్తాను.

మొన్న వేసవిలో మా కాలనీ పిల్లలకు బొమ్మలు నేర్పించి, వాళ్లతో కలిసి కమ్యూనిటీ హాలు గోడ మీద మిరపతోట వేశాం. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లే ఒక అవ్వ రోజూ ఆ దారినే వెళ్తూ ఆగి చూసేది. మూడో రోజు దగ్గరికి వచ్చి, "తొడిమ అలా నిటారుగా ఉండదమ్మా, కాయ బరువుకి వంగుతుంది" అని నా చేతిలో కుంచె తీసుకుని తనే ఒక వంపు గీసింది. గోడ మొత్తం మీద బతికున్న కాయ అదొక్కటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చేయాల్సిన పని ఇదే అనిపించింది.

కానీ ఇది బతుకుతెరువు అవుతుందా? నాన్నగారు డ్రాయింగ్ టీచరు ఉద్యోగం చూసుకోమంటున్నారు. మా ఇంట్లో ఈ దారిన వెళ్లినవాళ్లు ఎవరూ లేరు. అనుభవం ఉన్నవారు చెప్పండి.

గాంధీనగర్ బోర్డు ఆర్టిస్టు

అమ్మా, నాది విజయవాడ. 1989లో పదిహేనేళ్ల వయసులో గాంధీనగర్‌లో ఒక బోర్డుల షాపులో చేరాను. అప్పట్లో ఆ వీధుల నిండా సినిమా పంపిణీ కార్యాలయాలే. మా గురువుగారు మొదటి ఏడాది నాకు అక్షరం రాయనివ్వలేదు. కుంచెలు కడగడం, సుద్దపొడి రాసిన దారంతో గీత కొట్టడం, గడులు గీయడం, అంతే. ఆ గడులే ఈ రోజుకీ నాకు అన్నం పెడుతున్నాయి. ఇరవై అడుగుల గోడ మీదికి చిన్న కాగితం బొమ్మను ఎక్కించాలంటే అంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు. తరువాత ఫ్లెక్సు వచ్చింది. మా వీధిలో షాపులు ఒక్కొక్కటే మూతపడటం కళ్లారా చూశాను.

2016లో కృష్ణా పుష్కరాలకు ముందు నగరంలో గోడలన్నిటికీ రంగులు వేయించారు. నేనూ ఒక గుత్తేదారు కింద వేశాను. చివరి విడత డబ్బు ఇప్పటికీ రాలేదు. దానికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఏడాది తిరిగేసరికి నా బొమ్మల మీద కోచింగ్ సెంటర్ల పోస్టర్లు అంటించారు, ఆ వీధిలో ఒక్కరు కూడా అడ్డు చెప్పలేదు. ఎందుకు చెబుతారు? ఏం వేయాలని వాళ్లను నేను అడిగానా?

ఈ పని అసలు రూపం నాకు 2024 తరువాత తెలిసింది. ఆ సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా ఊళ్లో సింగ్‌నగర్‌ను ముంచింది కదా. మా చెల్లెలి ఇల్లు అక్కడే. నీళ్లు తీశాక వెళ్తే ప్రతి గోడ మీదా నా ఛాతీ ఎత్తున బురద గీత. సున్నం వేయడానికి వచ్చిన మనిషిని ఒకావిడ ఆపింది. "ఆ గీత ఉంచండి, మా పిల్లలు దాన్ని చూసి పెరగాలి" అంది. ఆ వీధిలో పొడవాటి ప్రహరీ గోడ మీద ఆ గీతనే బొమ్మ చేద్దామని అందరం అనుకున్నాం. ఒక్కొక్క ఇంటివాళ్లు వచ్చి తమ ఇంట్లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో అరచేయి ఆనించి చూపించారు. ఆ చేతులన్నిటినీ కలుపుతూ ఒకే మెలికల ముగ్గు నడవాలి. ముగ్గు వేసే ఆవిడకు నేను మంచి కుంచె ఇచ్చాను. పక్కన పెట్టేసింది. పాత చీర ముక్క అడిగి, సున్నంలో ముంచి, మూడు వేళ్ల మధ్య నొక్కుతూ గోడ మీద నడిపించింది. ఎక్కడా అతుకు లేదు. నా ముప్పై ఐదేళ్ల అనుభవంతో అలాంటి గీత గీయలేను. మీ అవ్వ వంచిన తొడిమ లాంటిదే అది. మన పని ఆ చేతులు ఎక్కడున్నాయో వెతకడం.

ఇక బతుకుతెరువు. అవుతుంది, లెక్క రాస్తేనే. చాలా ఏళ్లు నేను రంగులకూ పరంజాకూ మాత్రమే డబ్బు అడిగాను. వీధివాళ్లతో కూర్చున్న సాయంత్రాలు, అనుమతి కోసం తిరిగిన రోజులు, పిల్లలకు నేర్పించిన ఆదివారాలు సేవ అనుకున్నాను. అది పొరపాటు. గోడబొమ్మల పనిలో సగానికి పైగా రోజులు అవే. వాటికీ రోజు కూలి కట్టి అంచనా కాగితంలో పైనే రాయండి. ముగ్గు వేసిన ఆవిడకు కూడా నేను రోజు కూలి ఇచ్చాను. ఉచితంగా చేయించుకుంటే ఆమె పనిని పని కాదని మనమే చెప్పినట్టు.

రిటైరైన డ్రాయింగ్ మాస్టారు

మీ నాన్నగారి మాట కొట్టిపారేయవద్దు. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసి, వేసవిలో ఉండే 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తిచేయండి. ప్రైవేటు పాఠశాలల్లో కూడా ఆ సర్టిఫికెట్టుకు విలువ ఉంది. సగం రోజు పాఠశాల, మిగతా సగం గోడలు. నేను అలాగే నెట్టుకొచ్చాను. వేసవి సెలవులు మొత్తం మీవే.

బ్రాడీపేట రంగులు

ఇద్దరికీ కృతజ్ఞతలు. పరీక్షలకు కడతాను. మాస్టారూ, నాన్నగారికి మీ జవాబు చదివి వినిపించాను. బోర్డు ఆర్టిస్టు గారూ, మా కాలనీ కమిటీ ఇంకో గోడ ఇస్తామంటోంది, 800 చదరపు అడుగులు. ఎలా మొదలుపెట్టాలి?

గాంధీనగర్ బోర్డు ఆర్టిస్టు

ముందు గోడ ఆరిందో లేదో చూడండి. గోడ అడుగుభాగాన ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగు అంచులూ టేపుతో అంటించి, రాత్రంతా వదిలేయండి. తెల్లవారి లోపల చెమ్మ బిందువులు కనిపిస్తే ఆగాలి. సింగ్‌నగర్‌లో మేము తొందరపడి జనవరిలో మొదలుపెట్టాం. ఇటుక తాగిన నీరు బయటికి వస్తూ ఉప్పు తెచ్చింది, నెలలో రంగు పొలుసులుగా రాలింది. గీకి, ఏప్రిల్‌లో మళ్లీ వేశాం. ఆ ఖర్చు నా జేబులోదే.

రెండు పూతలకు లీటరు ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) 50 చదరపు అడుగులకు మించి రాదని లెక్క వేసుకోండి. అంటే మీ గోడకు 16 లీటర్లు, ప్రైమర్ వేరు. రంగు కొనేముందే సగం డబ్బు తీసుకోండి. గోడ ఎవరిదో వాళ్ల సంతకం కాగితం మీద ఉండాలి. నోటిమాట నమ్మి నేను ఒకసారి పూర్తయిన బొమ్మ మీద తెల్లసున్నం చూశాను.

ఆ అవ్వను మళ్లీ పిలవండి.

బ్రాడీపేట రంగులు

పిలిచాను. కూలి ఎంత అని అడిగింది. తొడిమల పనికి రోజుకు ఎంత వస్తుందో అంత అన్నాను. ఆదివారం వస్తానంది. పచ్చరంగు మాత్రం తనే కలుపుతుందట, నేను కలిపింది ఎండు టేకాకులా ఉందట.