దూరం ఒకటే, మరి పోవడానికీ రావడానికీ గంట తేడా ఎందుకు?

కిటికీసీటు:
లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఎంత దూరమని వెతికితే దాదాపు 5,550 కి.మీ., ఆరున్నర ఏడు గంటల ప్రయాణం అని వచ్చింది. నా టికెట్‌లో మాత్రం వెళ్లడానికి 8 గంటల 5 నిమిషాలు, రావడానికి 7 గంటలు. పోయినసారి సీటు ముందు స్క్రీన్‌ మీద చూశాను. వెళ్లేటప్పుడు వేగం 790 దగ్గరే ఆడింది, వచ్చేటప్పుడు 1,060 దాటింది. రెండూ ఒకే రకం విమానాలు! పైగా వెళ్లేటప్పుడు మ్యాప్‌లో గీత తిన్నగా లేదు, గ్రీన్‌లాండ్ వైపు వంగింది. చుట్టు తిప్పి తీసుకెళ్తున్నారా? ఇంకో సంగతి: మార్చి 20న 11:00కి బయల్దేరి 15:05కి దిగుతాం. ఐదు గంటల తేడా కలిపితే తొమ్మిది గంటలు దాటుతోంది. అక్కడ దిగాక ఇంకో ఫ్లైట్‌కి రెండు గంటలే టైముంది, అదీ నా టెన్షన్.

పాత డిస్పాచర్:
ఎవరూ తిప్పడం లేదండీ. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టుకుని చూడండి. ఆ దారం పొడవే మీకు కనిపించిన దూరం. దాన్నే చదును మ్యాప్ మీద గీస్తే పైకి వంగి కనిపిస్తుంది. మీరు చూసిన వంపులో సగం అదే. మిగతా సగం మాలాంటివాళ్ల పని. ఇరవై ఏళ్లు పైలట్లకి రూటు, ఇంధనం లెక్కలు కట్టిచ్చాను. అట్లాంటిక్ మీద పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంది, చలికాలంలో మరీ జోరు. వచ్చేటప్పుడు దాని వీపెక్కుతాం, వెళ్లేటప్పుడు దూరం కాస్త పెరిగినా సరే, తప్పించుకుని పోతాం. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి వెనక నుంచి తోస్తే ఒక బోయింగ్ 747 విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది.

ఇక టికెట్‌లో రాసేది గాల్లో ఉండే సమయం కాదు. ఈ గేటు దగ్గర కదిలిన క్షణం నుంచి ఆ గేటు దగ్గర ఆగేదాకా. రన్‌వే క్యూ, దిగే ముందు గాల్లో కొట్టే చక్కర్లు అన్నీ అందులోనే.

లెక్కలపిచ్చి:
పోతే పోయింది, వస్తే వచ్చింది, చివరికి సరిపోతుంది అనుకుంటాం గానీ సరిపోదు. గాలి లేకపోతే గంటకి 880 కి.మీ. చొప్పున రానూపోనూ 12.6 గంటలు. 120 కి.మీ. గాలి పెట్టండి: వచ్చేటప్పుడు 5.55, వెళ్లేటప్పుడు 7.3, మొత్తం 12.85. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం కదా, అదీ కిటుకు.

పాత డిస్పాచర్:
మీ తొమ్మిది గంటల సంగతి మరిచాను. వేసవి కోసం అమెరికాలో మార్చి రెండో ఆదివారమే గడియారాలు గంట ముందుకి తిప్పేస్తారు, బ్రిటన్‌లో ఆఖరి ఆదివారం. మీరు వెళ్లే రోజు తేడా నాలుగే గంటలు. కాబట్టి టికెట్‌లో 8:05 కరెక్టే. రెండు గంటలు మాత్రం చాలదు. ఇమిగ్రేషన్ దిగిన చోటే, సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి కూడా. రెండూ ఒకే బుకింగా, విడివిడి టికెట్లా?

కిటికీసీటు:
విడివిడి. ఇప్పుడే మార్చేశాను, సాయంత్రం 8:40 ఫ్లైట్‌కి. నన్ను తీసుకెళ్లడానికి వచ్చే అక్క కూడా ఐదు గంటల లెక్కే వేసుకుందట.