అవుట్‌లాండర్‌లో మీకు బాగా నచ్చిన సీన్ చెప్తారా? మా అక్క కోసం

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్. అక్కా నేనూ రాత్రుళ్లు అమ్మ పడుకున్నాక ఒకే ఫోన్‌లో ఈ అవుట్‌లాండర్ టీవీ సిరీస్ చూసేవాళ్లం, ఇప్పుడు అక్క పెళ్లయి మక్తల్‌లో ఉంది, వచ్చే నెల తన పుట్టినరోజు. ఒక నోట్‌బుక్ కొని, ఈ సిరీస్‌ని ప్రేమించే వాళ్లందరి మాటలు నా చేత్తో రాసి ఇద్దామనుకుంటున్నా.

నాకైతే మూడో సీజన్‌లో ప్రింటింగ్ ప్రెస్ సీనే. స్కాట్లాండ్‌లో కల్లోడెన్ యుద్ధానికి ముందు 1746లో విడిపోయిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత భార్య క్లెయిర్ గొంతు విని వెనక్కి తిరుగుతాడు, చూసి అక్కడే స్పృహ తప్పి పడిపోతాడు. అంత యుద్ధం చేసిన జేమీ! అక్క ఆ రోజు ఎంత ఏడ్చిందో.

మీకు ఏ సీన్, ఎందుకు? రెండు లైన్లు చాలు, తెలుగులోనే రాయండి. ఒక్క రిక్వెస్ట్, అక్క మూడో సీజన్ వరకే చూసింది, తర్వాతి కథ దయచేసి చెప్పకండి.

ఇంకోటి. ఆ నోట్‌బుక్‌ని కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఇవ్వాలని ఉంది. 1945 నుంచి కాలంలో వెనక్కి 1743కి క్లెయిర్ వెళ్లింది అలాంటి రాళ్ల మధ్య నుంచే కదా, మనవి 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. మక్తల్ వైపు వాళ్లెవరైనా ఉంటే, అక్కడికి బస్సు దొరుకుతుందా, ఆటో మాట్లాడుకోవాలా, చిన్న పాపతో పొద్దున ఎన్నింటికి బయల్దేరితే ఎండ తగలకుండా వచ్చేయొచ్చు?