లయన్స్ ఆ ఫీల్డ్ గోల్స్ ఎందుకు కొట్టలేదు?

మేం ఉండేది డెట్రాయిట్ దగ్గరే. ఆఫీసువాళ్ల పుణ్యమా అని ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) పిచ్చి పట్టింది కానీ, లెక్కలు ఇంకా తలకెక్కలేదు. ఇక్కడి జట్టు లయన్స్ 2023 సీజన్‌లో 17 ఆటల్లో 12 గెలిచి, 1993 తర్వాత మొదటిసారి డివిజన్ (లీగ్‌లో నాలుగు జట్ల గుంపు) టైటిల్ కొట్టారు. తీరా శాన్‌ఫ్రాన్సిస్కోతో ఎన్‌ఎఫ్‌సీ ఫైనల్లో (గెలిస్తే లీగ్ తుది పోరు సూపర్ బౌల్‌కి వెళ్లే ఆట), సగం ఆటకి 24-7తో ముందుండి కూడా 34-31తో ఓడిపోయారు.

నా డౌట్ ఏంటంటే, మూడో క్వార్టర్‌లో 24-10 ఉన్నప్పుడు నాలుగో డౌన్‌కి (10 గజాలు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో చివరిది) 2 గజాలే కావాలి. కోచ్ డాన్ క్యాంబెల్ ఫీల్డ్ గోల్ కిక్ (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్ని 3 పాయింట్లు తెచ్చుకోవడం) వద్దని, ఆ గజాల కోసమే ఆడించాడు. లయన్స్ ఆటగాడు రేనాల్డ్స్ చేతికొచ్చిన బంతి జారవిడిచాడు. తర్వాత 27-24తో వెనకబడ్డాక కూడా అదే తీరు. అక్కడ 3 పాయింట్లు వస్తే స్కోరు సమమయ్యేది కదా! అంత దూరం నుంచి కిక్ మీద నమ్మకం లేకా, లేక ఉత్త మొండితనమా? ఆట బాగా తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి, ప్లీజ్.